ఆయ్, తగ్గిందండి

ఆ శబ్దం లాకులది కాదని నాకు తెలిసింది కాలువలు కట్టేసిన ఎండాకాలంలో.

మా ఇల్లు లాకుల పక్కనే ఉండేది. నాన్నగారు ఇరిగేషన్‌లో లస్కరు. కాలువ తలుపులు ఎత్తడం, దించడం, పొద్దున్నా సాయంత్రమూ గేజీ చూసి రిజిస్టర్లో రాయడం, గుర్రపుడెక్క కొట్టుకొచ్చి అడ్డం పడితే మనుషుల్ని పెట్టి తీయించడం ఆయన పని. కొత్తపేట నుంచి లోపలికి వచ్చే రోడ్డులో, కాలువ గట్టు మీద మాది రెండు గదుల క్వార్టరు. తలుపుల సందుల్లోంచి నీళ్లు చిమ్మే చప్పుడు వింటూనే పుట్టి పెరిగాను. అందుకని డిగ్రీ రెండో సంవత్సరంలో కుడిచెవిలో హుష్, హుష్ అని నీళ్లు తోసుకుపోతున్నట్టు వినబడటం మొదలైనప్పుడు పట్టించుకోలేదు. ఈ ఏడు నీరు ఎక్కువ వదిలారేమో అనుకున్నాను.

రెండు వేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లయింది అప్పటికి. ఆ వేసవిలో ఎప్పటిలాగే కాలువలు కట్టేశారు. నీరు అడుగంటి, మట్టగిడసలు పట్టేవాళ్లు బురదలోకి దిగారు. ఒక మధ్యాహ్నం అన్నం తిని చాప మీద కుడివైపు తిరిగి పడుకున్నాను. హుష్, హుష్.

లేచి లాకుల దగ్గరికి వెళ్లి చూశాను. తలుపుల కింద పగిలిన మట్టి తప్ప చుక్క నీరు లేదు. శబ్దం మాత్రం ఆగలేదు. మణికట్టు మీద వేలు పెట్టుకుని చూస్తే నాడి ఎలా కొట్టుకుంటోందో అదీ అలాగే కొట్టుకుంటోంది. చెవి కింద మెడ మీద వేలితో గట్టిగా నొక్కాను. ఆగిపోయింది. వేలు తీశాను. మళ్లీ మొదలైంది.

ఆ రోజే మా మామ్మకి, అంటే నాన్నగారి అమ్మకి, చెప్పాను. ఇంట్లో నేను దేనికైనా నోరు విప్పేది ఆవిడ దగ్గరే.

"చెవిలో కాలవ పారుతోందా? మీ నాన్నతో చెప్పవే, తలుపు దింపేస్తాడు" అంది.

"నిజంగానే మామ్మా."

"నిజంగానే అంటున్నాను నేనూను. పొద్దస్తమానం పుస్తకంలో తల దూర్చుకు కూర్చుంటే పుస్తకాల్లో పురుగు చెవిలో దూరక ఏం చేస్తుంది?"

అమ్మ నువ్వులనూనె వెచ్చచేసి చెవిలో పోసింది. శబ్దం నూనెలో నుంచి కూడా వినబడింది.

మా ఊళ్లో అందరికీ వైద్యం చేసేది ఒక ఆరెంపీ డాక్టరుగారు. మోపెడ్ మీద తిరుగుతూ ఇంటింటికీ వచ్చి చూసేవారు. ఆయన హస్తవాసి మంచిదని చుట్టుపక్కల నాలుగూళ్లలో పేరు. చిన్నప్పుడు నాకు టైఫాయిడ్ వస్తే ఆయన చేతి మీదే బతికానని అమ్మ ఇప్పటికీ చెబుతుంది. ఆయన తలనొప్పికి బిళ్లలు, చెవిలోకి చుక్కలు ఇచ్చారు. అప్పటికి తలనొప్పి కూడా మొదలైంది. పొద్దున్న నిద్ర లేవగానే తల వెనక నుంచి బరువుగా లేచి, పదింటి దాకా ఉండేది.

నాలుగు రోజుల తరువాత మోపెడ్ మా గుమ్మం ముందు ఆగింది.

"ఏవమ్మా, తగ్గిందా?"

అమ్మ తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ బయటికి వచ్చింది. "ఆయ్, తగ్గిందండి. మీరు చెయ్యి వేసేక తగ్గకేం చేస్తుందండీ."

ఆయన నా వైపు చూశారు. నేనూ తల ఊపి, "ఆయ్ అండి" అన్నాను.

ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే తరువాత జరిగినదంతా ఇందులోంచే వచ్చింది. మా వైపు ఎవరైనా మందిచ్చి, తగ్గిందా అని అడిగితే తగ్గిందనే అంటారు. తగ్గలేదంటే ఆ మనిషి హస్తవాసిని తప్పుపట్టినట్టు. ఆయన మనసు చిన్నబుచ్చుకుంటుంది, చేతి మంచి కూడా పోతుంది. కూర ఎలా ఉందని అడిగితే బాగుందనడం లాంటిదే ఇదీ. అబద్ధం చెబుతున్నామని ఎవరికీ అనిపించదు. అమ్మకి అనిపించలేదు. నాకు అనిపించింది. అయినా నేనూ ఆయ్ అన్నాను. పై మనుషుల ముందు నా నోట్లో ఆ ఒక్క మాటే తయారుగా ఉండేది.

మిగతా మాటలన్నీ రాసుకునేదాన్ని. నాన్నగారి ఆఫీసులో పాతబడ్డ గేజీ రిజిస్టర్లు చివర్లో ఖాళీ పేజీలతో ఇంటికి వచ్చేవి. తేదీ, వేళ, పై గేజీ, కింద గేజీ, రిమార్కులు అని గళ్లు గీసి ఉండేవి. లాకు తలుపులకి ఎగువన నీరు ఎంత ఎత్తుందో పై గేజీ, దిగువన ఎంతుందో కింద గేజీ. నేను ఆ గళ్లని పట్టించుకోకుండా అడ్డంగా రాసుకుపోయేదాన్ని. చదివిన పుస్తకాల గురించి, బస్సులో విన్న మాటల గురించి, ఎవరికీ చెప్పకూడనివి కొన్ని. శబ్దం వచ్చాక మాత్రం గళ్లు వాడటం మొదలుపెట్టాను. తేదీ, వేళ, తలనొప్పి ఎంతసేపు, శబ్దం ఎంత గట్టిగా. రిమార్కుల గడిలో మిగతావి.

వానలు మొదలయ్యేసరికి రిమార్కులు పెరిగాయి. వాకిట్లో ముగ్గు వేయడానికి వంగి లేచేసరికి కళ్ల ముందు బూడిదరంగు తెర పడి, నాలుగైదు క్షణాలుండి తొలగిపోయేది. మొదట రోజుకొకసారి. తరువాత బస్సు ఎక్కి కూర్చున్నా, మంచం మీంచి లేచినా పడేది. ఒకరోజు కొత్తపేట సెంటర్లో బస్సు బోర్డు రెండుగా కనబడింది, ఒక అమలాపురం పక్కన ఇంకో అమలాపురం. ఏ అమలాపురం ఎక్కాలో తెలియక బస్సు వదిలేశాను.

ఆ మాట చెబితే అమ్మ భయపడి కళ్లజోడు షాపుకి తీసుకువెళ్లింది. జోడు పెట్టారు. జోడుతో తెర ఇంకా స్పష్టంగా కనబడింది. దానితో పాటు నా లైబ్రరీ కార్డు అమ్మ బీరువాలోకి వెళ్లింది. ఇంట్లో ఉన్న పుస్తకాలు ట్రంకుపెట్టెలో అటక మీదికి వెళ్లాయి.

"కళ్లు బాగుపడ్డాక చదువుకుందువుగాని. ఎక్కడికి పోతాయవి?" అంది.

పుస్తకాలు ఎక్కడికీ పోవని నాకూ తెలుసు. నా భయం కళ్ల గురించి. చూపు పోతే నాకు మిగిలేదేమిటి? పదిమందిలో మాట్లాడలేను, పాడలేను, పనిలో చురుకు లేదు. నాకంటూ ఉన్నది చదవడం ఒక్కటే. ఈ మాట రిజిస్టర్లో రాశాను కానీ పైకి అనలేదు.

అమలాపురంలో చెవి డాక్టరు దగ్గరికి రెండుసార్లు వెళ్లాం. చెవి శుభ్రంగా ఉందన్నారు. రెండోసారి తగ్గిందా అని అడిగితే అమ్మ యథాప్రకారం ఆయ్ అంది. ఎందుకలా అన్నావని దారిలో అడిగితే, "చూపించుకున్నాం కదే, ఇంక తగ్గుతుందిలే. తగ్గేదానికి ముందే తగ్గిందంటే తప్పేంటి?" అంది. ఆ రోజు రావులపాలెం బస్సులో అరటిగెలల పక్కన నిలబడి నేను ఏడ్చాను. గెలలు ఎక్కించినాయన చూసి, "కాలు నలిగిందాండీ?" అని అడిగాడు. ఆయ్ అన్నాను.

దీపావళి వెళ్లాక, మా కాలేజీలో ఒక మేడమ్ నా రాత వంకరగా పోతోందని చూసి కంటి డాక్టరు దగ్గరికి వెళ్లమని గట్టిగా చెప్పారు. అమలాపురంలోనే ఒక కంటి డాక్టరమ్మ ఉండేవారు. మా అమ్మకంటే బాగా చిన్నావిడ. చుక్కలు వేసి అరగంట కూర్చోబెట్టి, లైటు పెట్టి చాలాసేపు చూశారు. చూస్తూ చూస్తూ మాట్లాడటం మానేశారు.

"కళ్లలో తేడా లేదమ్మా. కంటి వెనక నరం వాచింది, రెండు వైపులా. తల లోపల ఒత్తిడి పెరిగితే ఇలా వాస్తుంది. ఎన్నాళ్ల నుంచి ఉంది?"

"అబ్బే, ఇప్పుడు పర్లేదండి" అంది అమ్మ.

డాక్టరమ్మ ఆ మాట వినిపించుకోలేదు. కాకినాడకి ఉత్తరం రాసి ఇచ్చారు.

కాకినాడలో పెద్దాసుపత్రి పనులన్నీ వారం పట్టాయి. తలకి స్కాను తీశారు, కంతి లేదన్నారు. పక్కకి తిప్పి పడుకోబెట్టి నడుములో సూది గుచ్చి, మెదడు చుట్టూ ఉండే నీరు ఎంత ఒత్తిడితో వస్తోందో చూశారు. చాలా ఎక్కువ ఉందన్నారు. మాత్రలు రాశారు. అవి వేసుకుంటే వేళ్ల చివర్లు చీమలు కుట్టినట్టు ఉండేవి, గోళీ సోడా తాగితే ఇనుము చప్పరించినట్టు ఉండేది. అక్కడి పెద్ద డాక్టరుగారు ఇంకోమాట కూడా చెప్పారు, పదిమంది విద్యార్థులు చుట్టూ నిలబడి ఉండగా.

"బరువు తగ్గాలమ్మా. వయసులో ఉన్న, కాస్త లావుగా ఉన్న ఆడపిల్లల్లోనే ఈ జబ్బు ఎక్కువ. బరువు తగ్గితే ఒత్తిడీ తగ్గుతుంది."

ఆయన అన్నది వైద్యం. కానీ ఆ పదిమంది చూపులూ ఒక్కసారి నా చున్నీ మీద పడ్డాయి. ఇంటికొచ్చాక మామ్మ, "అన్నం తినేవాళ్లందరికీ తలలో నీరు పడుతుందా ఏంటి? నాకు పట్టలేదే!" అని నా తరఫున డాక్టరు మీద కోప్పడింది. అదొక్కటే నాకు కాస్త ఊరట. అన్నం సగానికి తగ్గించి, పొద్దున్నా సాయంత్రం గట్టు మీద నడిచాను. గట్టు మీద ఎదురైన ప్రతివాళ్లూ ఎక్కడికమ్మా అని అడిగేవారు. ఎక్కడికీ కాదని చెప్పడం తెలియక, కాసేపటికి నడక వేళలు మార్చుకున్నాను.

మాత్రలకి తలనొప్పి కొంచెం తగ్గిన మాట నిజం. శబ్దం తగ్గలేదు, తెరలు తగ్గలేదు. రెండు నెలలకి మళ్లీ కాకినాడ వెళ్లాం. ఆ రోజు మా నాన్నగారికి రావడానికి వీల్లేదు. రెండో పంట దాళ్వా నాట్లు, కాలువ నిండా నీరు, వంతులవారీ సరఫరా, ఏ గంటలో తలుపు ఎత్తాలో ఆ గంటలో ఆయన అక్కడ ఉండాలి. ఎప్పుడూ అమ్మే వచ్చేది.

బయట వంద మంది ఉన్నారు. డాక్టరుగారు కాగితాలు చూస్తూనే అడిగారు.

"తలనొప్పి తగ్గిందా?"

"ఆయ్, తగ్గిందండి."

"కళ్లు మసకలు?"

"ఆయ్ అండి, పర్లేదండి."

"కంటి డాక్టరుకి చూపించారు కదా?"

"ఆయ్, చూపించేమండి." అమ్మ ఉద్దేశం మొదటిసారి చూపించిన సంగతి.

ఆయన నా వైపు కూడా చూశారు. అది నాకు బాగా గుర్తు. చూసి, ఒక్క క్షణం ఆగారు. బ్యాగులో రిజిస్టరు ఉంది. అందులో ఆ వారం రోజుకి ఎన్ని తెరలు పడ్డాయో రాసి ఉంది. తీసి ఇస్తే చాలు. నా వెనక నిలబడ్డ పెద్దాయన దగ్గుతున్నాడు, నర్సు తరువాతి చీటీ పిలుస్తోంది. నేను తల ఊపాను. డాక్టరుగారు మాత్రల మోతాదు సగం చేసి రాశారు.

ఆయన్ని తప్పుపట్టలేను. మేం చెప్పిందే ఆయన విన్నారు.

వేసవి వచ్చేసరికి మెట్లు దిగేటప్పుడు చివరి మెట్టు కనబడటం మానేసింది. కంచంలో నా వైపు ఉన్న ముద్ద కనబడేది కాదు, కంచం తిప్పుకుంటే కనబడేది. అటక మీంచి దొంగతనంగా దించుకున్న పుస్తకంలో ఒక వాక్యం చదివి కింది వాక్యానికి దిగితే అది ఉండేది కాదు. పుస్తకం పైకి జరుపుకుంటే వచ్చేది. ఇవన్నీ రాశాను. రాత కూడా గీత కిందికి పోతోంది.

ఫైనల్ పరీక్షలకి ముందు రోజు గుమ్మంలో పడి మోచెయ్యి చీరుకుంది. నాన్నగారు లేవనెత్తి, "గడప కనబళ్లేదా అమ్మా?" అన్నారు.

"లేదు నాన్నగారూ."

మా ఇంట్లో లేదు అన్న మాట ఆ జబ్బు గురించి అదే మొదటిసారి. ఆయన పరీక్ష మానిపించి, లాకులు పక్క లస్కరుకి అప్పజెప్పి, మర్నాడు పొద్దున్నే మమ్మల్నిద్దరినీ అమలాపురం తీసుకువెళ్లారు.

డాక్టరమ్మ నన్ను ఒక యంత్రం ముందు కూర్చోబెట్టారు. లైటు చుక్క కనబడినప్పుడల్లా బటన్ నొక్కాలి. చాలాసేపు నొక్కకుండా కూర్చున్నాను. కాగితం బయటికి వచ్చింది. రెండు కళ్లకీ కింది భాగం నల్లగా ఉంది, కుడికన్నులో ఎక్కువ.

"మాత్రలు ఎవరు తగ్గించారు?"

"పెద్ద డాక్టరుగారేనండి" అంది అమ్మ.

"తగ్గలేదని ఆయనకి చెప్పలేదా?"

"అంతటాయనకి ఎలా చెబుతామండీ? తగ్గలేదంటే ఆయన మందు పని చెయ్యలేదన్నట్టు కదండీ."

డాక్టరమ్మ పెన్ను బల్ల మీద పెట్టేశారు. "అమ్మా, ఆయన మిమ్మల్ని అడిగింది మర్యాదకి కాదమ్మా. మీరు చెప్పేదాన్ని బట్టి మందు రాస్తారు. అది మాకు స్కాను లాంటిది. మీరు తప్పుడు స్కాను ఇచ్చేరు." నా వైపు తిరిగారు. "నువ్వు డిగ్రీ చదువుతున్నావు. నీకు నోరు లేదా?"

లేదు. బ్యాగు తెరిచి రిజిస్టరు బల్ల మీద పెట్టాను.

ఆవిడ పేజీలు తిప్పారు. నాన్నగారు తన ఆఫీసు గళ్లని గుర్తుపట్టి ముందుకి వంగారు. డాక్టరమ్మ పైకే చదివారు. "తెరలు పదకొండు. తెరలు పధ్నాలుగు. మెడ నొక్కితే శబ్దం ఆగింది. తెరలు... రిమార్కులు: అమ్మ ఈ రోజు కూడా తగ్గిందని చెప్పింది. నేనూ ఆయ్ అన్నాను. సిగ్గుగా ఉంది."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంకో మూడు పేజీల అవతల ఏం రాసి ఉందో నాకు తెలుసు. అమ్మ మీద అంత కోపంగా ఎప్పుడూ రాయలేదు. డాక్టరమ్మ ఆ పేజీ దాకా వెళ్లి, కళ్లతో చదివి, రిజిస్టరు మూసేశారు.

"మెడ నొక్కితే ఆగుతోందా?" అన్నారు. "ఇది ముందే తెలిసుంటే ఎంత బాగుండేదమ్మా. హైదరాబాదు వెళ్లండి. రేపే."

హైదరాబాదులో ఈసారి మెదడులోని రక్తనాళాలకి వేరేగా స్కాను తీశారు. అక్కడి డాక్టరుగారు తెరమీద చూపించారు. మెదడులోంచి చెడు రక్తం కిందికి దిగే పెద్ద సిర చెవి వెనక మలుపు దగ్గర దారంలా సన్నబడి ఉంది. రక్తం ఆ సందులోంచి తోసుకుపోతుంటే వచ్చే శబ్దమే నేను వింటున్నది. రక్తం సరిగ్గా దిగకపోతే మెదడు చుట్టూ నీరు కూడా దిగదు. అదే ఒత్తిడి, అదే కంటి నరం మీద పడుతోంది.

"డ్రెయిను పూడిపోయిందన్నమాటండి" అన్నారు నాన్నగారు.

"అలాంటిదే."

"ఒక సందేహం అండి, తప్పయితే మన్నించాలి. డ్రెయిను సన్నబడి చేను మునగొచ్చు. లేకపోతే చేను ముందే మునిగి, ఆ నీటి బరువుకి గట్టు జారి డ్రెయిను సన్నబడొచ్చు. మా అమ్మాయికి ఏది ముందండీ?"

డాక్టరుగారు కుర్చీలో వెనక్కి వాలారు. "మీరేం చేస్తుంటారు?"

"లాకుల దగ్గర లస్కర్నండి."

"ఈ ప్రశ్న మీద మా వాళ్లలో ఇంకా వాదన నడుస్తూనే ఉంది. ఒక్కోసారి రెండూ జరుగుతాయి. ఒకదాన్ని ఒకటి పెంచుకుంటూ పోతాయి. అందుకే ముందు లోపలికి సన్నటి గొట్టం పంపి, సన్నబడ్డ చోటుకి పైన ఎంత ఒత్తిడి ఉందో, కింద ఎంత ఉందో కొలుస్తాం. తేడా బాగా ఉంటేనే అక్కడ స్టెంటు పెట్టి నాళాన్ని వెడల్పు చేస్తాం."

"పై గేజీ, కింద గేజీ" అన్నారు నాన్నగారు, నా రిజిస్టరు మీద చెయ్యి వేసి.

"స్టెంటంటే గుండెకి కదండీ వేస్తారు?" అంది అమ్మ. "దీనికి తలలో కదండీ."

"గుండెకి వేసినంత మందికి దీనికి ఇంకా వెయ్యలేదమ్మా. కొత్త పద్ధతి. మేమూ కొద్దిమందికే చేశాం. రక్తస్రావం లాంటి ప్రమాదం లేదని చెప్పను. పోయిన చూపు తిరిగి వస్తుందనీ మాట ఇవ్వను. ఉన్నదాన్ని నిలబెట్టడానికి."

ఉన్నదాన్ని. ఆ మాట విన్నప్పుడు నాకు భయం కంటే కసి ఎక్కువ వేసింది. పోయినదంతా పోనక్కరలేకుండానే పోయింది.

ఆయన లేచి వచ్చి స్టెతస్కోపు నా కుడిచెవి వెనక ఆనించారు. "వినబడుతోంది" అన్నారు. ఏడాది దాటాక, నేను తప్ప ఇంకొకరు దాన్ని వినడం అదే మొదటిసారి. తరువాత ఆ గొట్టాలు తీసి అమ్మ చెవులకి పెట్టారు. అమ్మ ముఖం నాకు అరచేయంత దూరంలో ఉంది. ఒక్కొక్క హుష్‌కీ ఆవిడ కనురెప్పలు అదరడం చూశాను.

"ఇంత చప్పుడాండీ!" అంది. "ఇంత చప్పుడు పెట్టుకుని ఎలా పడుకున్నావే?"

చెప్పాను కదా అనొచ్చు. అనలేదు.

ఒత్తిడి కొలిచిన రోజు నాకు మత్తు ఇవ్వలేదు. గజ్జలో మొద్దుబారే సూది ఇచ్చి, అక్కడి నుంచి సన్నటి తీగలాంటి గొట్టాన్ని పైకి పంపారు. తలలో ఏదో పాకుతుందేమోనని బిగుసుకుపోయాను, ఏమీ తెలియలేదు. తెరల వెనక ఎవరో అంకెలు చెబుతున్నారు, ఇంకెవరో రాసుకుంటున్నారు. పైన, కింద, మళ్లీ పైన. పైది కిందిదానికంటే చాలా పెద్దదని నాకూ అర్థమైంది. బయటికి వచ్చాక నాన్నగారికి అదే చెప్పాను. "అయితే తలుపు దగ్గరే ఉంది అడ్డు" అన్నారు. ఆయన మొహంలో అన్నాళ్లలో మొదటిసారి కాస్త వెలుగు కనబడింది.

రక్తం గడ్డకట్టకుండా కొన్ని రోజులు మాత్రలు వేసుకున్నాక, పూర్తి మత్తు ఇచ్చి స్టెంటు పెట్టారు. మెలకువ వచ్చేసరికి గొంతు మండుతోంది, గజ్జ దగ్గర బరువు పెట్టి కట్టారు. ఏదో లేదనిపించింది. ఏమిటో తట్టడానికి కొంచెం సేపు పట్టింది. అలవాటు కొద్దీ కుడి మెడ మీద వేలు పెట్టి నొక్కి, వదిలాను. ఏమీ మొదలవలేదు. పక్క మంచం దగ్గర ఎవరో గ్లాసులో పాలు తిరగబోస్తున్న చప్పుడు వినబడింది.

రెండు రోజుల తరువాత డాక్టరుగారు రౌండ్సుకి వచ్చారు. నలుగురైదుగురు జూనియర్లు ఆయన వెనక ఉన్నారు.

"తగ్గిందామ్మా?"

"ఆ..." అని మొదలుపెట్టింది అమ్మ. అక్కడే ఆగి, పెదవులు బిగించుకుని, నా వైపు చూసింది. "దాన్ని అడగండి బాబూ. నన్నడక్కండి."

గదిలో ఉన్నవాళ్లందరూ నా వైపు తిరిగారు. దుప్పటి అంచు పట్టుకున్నాను.

"శబ్దం పూర్తిగా పోయిందండి. తలనొప్పి సగం ఉందండి. తెరలు నిన్నటి నుంచి పడలేదండి." ఆగాను. ఇక్కడితో ఆపితే అందరూ సంతోషంగా వెళ్లిపోతారు. "కింద మాత్రం కనబడటం లేదండి. మొదటిలాగే ఉంది. ఏమీ తగ్గలేదండి."

డాక్టరుగారు తల ఊపి రాసుకున్నారు. చిన్నబుచ్చుకోలేదు.

ఆ చూపు తిరిగి రాలేదు. నరం వాపు నెలల మీద దిగింది, కొత్తగా పోయిందేమీ లేదు, పోయిందీ రాలేదు. డిగ్రీ ఆ పై ఏడాది పూర్తి చేశాను. పుస్తకాన్ని కొంచెం ఎత్తి, గడ్డానికి ఎదురుగా పట్టుకుని చదువుతాను. బస్సులో చూసినవాళ్లకి నేను ముఖం దాచుకుంటున్నట్టు ఉంటుంది. లైబ్రరీ కార్డు అమ్మే తీసి ఇచ్చింది, దాని గురించి ఏమీ అనకుండా. మోతాదు సగం చేయించుకున్న ఆ నెలలు లేకపోతే నాకు కింది మెట్టు కనబడేదా? అడిగితే డాక్టరమ్మ, "చెప్పలేనమ్మా" అన్నారు. కనబడేదని ఆవిడ మొహం చెప్పింది.

ఇంటికి వచ్చిన కొత్తలో ఆరెంపీ డాక్టరుగారి మోపెడ్ గుమ్మం ముందు ఆగింది.

"ఏవమ్మా, తలలో స్టెంటు వేసేరంట కదా! తగ్గిందా?"

"సగం తగ్గిందండి" అన్నాను.

"సగమేంటమ్మా?"

గట్టు మీద నిలబడి మొత్తం చెప్పాను. శబ్దం, సిర, పైన ఒత్తిడి, కింద ఒత్తిడి, పోయిన చూపు. ఆయన మోపెడ్ ఇంజను ఆపి విన్నారు. చివర్లో, "నేనిచ్చిన చుక్కలకి తగ్గిందన్నారే అప్పుడు?" అన్నారు నెమ్మదిగా.

"తగ్గలేదండి."

ఆయన మోపెడ్ స్టార్ట్ చేసుకుని వెళ్లిపోయారు. అమ్మ ఆ సాయంత్రమంతా నాతో మాట్లాడలేదు. పడుకోబోయే ముందు మాత్రం, "పెద్దాయన మనసు కష్టపెట్టేవు" అంది.

ఇది జరిగి చాలాకాలమైంది. మొన్న అమ్మకి మోకాళ్ల నొప్పులని ఆయనే వచ్చి సూది వేసి వెళ్లారు. ఇప్పుడాయనకి మోపెడ్ నడపడం చేతకాక కొడుకు వెనక కూర్చుని వస్తున్నారు. నిన్న పొద్దున్న గుమ్మం దగ్గర దిగకుండానే కేకేశారు.

"ఏవండీ, మోకాళ్లు తగ్గేయా?"

అమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. అప్పుడే లేవబోయి, లేవలేక, మోకాలు పట్టుకుని మళ్లీ కూర్చుంది. నా వైపు ఒక చూపు చూసింది, నోరెత్తొద్దన్నట్టు.

"ఆయ్, తగ్గేయండి" అంది.

నేను లోపలికి వెళ్లి రిజిస్టరు తీశాను. తేదీ వేశాను, వేళ వేశాను. రిమార్కుల గడిలో రాశాను: తగ్గలేదు.